గ్యాసు కలదు

మొన్న మా చెల్లె ఒక పుస్తకం పట్టుకుని వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. పుస్తకమని పేరే గానీ, నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చేయించిన నలభై పేజీల పొగడ్త అది. గద్వాలలో మేమున్న వాడకు ఏళ్ల తరబడి రేషన్ సరుకులిచ్చే కంట్రోలు దుకాణం నడిపిన డీలరు నిరుడు చనిపోయాడు. ఆయన కొడుకులిద్దరూ సంవత్సరీకానికి దాన్ని వేయించి ఊరంతా పంచారు. ముఖచిత్రం మీద ఆయన నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు, వెనుక సూర్యోదయం. లోపల ఒక పేజీలో మా చెల్లె ఫొటో, దాని కింద ఆమె రాసినట్టుగా ఒక ఉత్తరం. నెలలు నిండకుండా పుట్టిన తనకు చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉండేందుకు ఆ మహానుభావుడు గ్యాసునూనె ఉచితంగా పోశాడట, తన ప్రాణం ఆయన పెట్టిన భిక్షట.

చెల్లె ఆ ముక్కలు రాయలేదు. ఆమె లింగాల దవాఖానలో నర్సు. వాళ్లు ఫోన్ చేసి ఒక పేజీ రాసిమ్మని అడిగితే, తనకు ఊహ తెలియని రోజుల సంగతి కాబట్టి నన్ను అడిగింది. నేను ఐదు పేర్లు చెప్పాను. ఆ ఐదూ రాసి పంపింది. పుస్తకంలో ఐదూ పోయాయి, వాటిలో లేని పేరొకటి వచ్చి కూర్చుంది. ఇదేందని ఫోన్లో అడిగితే చిన్నకొడుకు ఏమాత్రం జంకకుండా, "అచ్చుతప్పులు జర సరిచేసినం మేడం, గంతే," అన్నాడట.

తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని నేను. ఆ తర్వాత నాకొచ్చిన చదువంతా గద్వాల గ్రంథాలయంలో కాళ్లు ఊగే బల్లల మీద, ఒక బీరువా అయ్యాక ఇంకో బీరువా అన్నట్టు చదువుకున్నదే. అచ్చయింది అబద్ధం కాదని చాలా ఏళ్లు మనస్ఫూర్తిగా నమ్మాను. అచ్చు మీద అంత గౌరవమున్న మనిషి చేతిలో ఇలాంటి పుస్తకం పెట్టాక ఊరికే కూర్చోవడం కుదరదు. ఆ చలికాలం మా ఇల్లు దేనితో వెచ్చగా ఉందో, ఎవరి చేతి నూనెతో ఉందో నేను రాయకపోతే ఇక ఆ నలభై పేజీలే చరిత్ర. డీలరు పేరు మాత్రం ఇక్కడ రాయను. పేజీకి నాలుగుసార్ల చొప్పున ఇప్పటికే అచ్చయింది, ఆయనకు అది చాలు.

మాది గట్టు దగ్గరి మెట్టపొలాల ఊరు. వానలు ముఖం చాటేశాక గద్వాలకు వచ్చి ఒక గది కిరాయికి తీసుకున్నాం. నాయన గుంపుమేస్త్రీ వెంట కాలువ పనులకు కర్ణాటక పోయేవాడు, మూడు నెలలకోసారి వచ్చేవాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, నాయన తల్లి అయిన మా అవ్వ, పద్దెనిమిదేళ్ల నేను. గోడలు బండలే, కప్పూ బండలే. ఎండాకాలం పగలు రొట్టెలు కాల్చుకోవచ్చు. చలికాలం తెల్లవారుజామున ఆ బండలే ఒంట్లోని వేడిని లాగేసేవి. ఆ గదికి ఒక తలుపు, కప్పులో చేయి పట్టేంత గవాక్షం. కట్టెలు అంటిస్తే పొగ పోయే దారి లేదు. అందుకే ఒకసారి నాయన రాయచూరు నుంచి పది వత్తుల స్టవ్వు తెచ్చాడు. అవ్వ దాన్ని రోజూ చింతపండు పెట్టి తోమేది. వాడలో ఇంకెవరికీ అలాంటి పొయ్యి లేదని ఆమెకు గట్టి నమ్మకం, అడగని వాళ్లకు కూడా చెప్పేది.

స్టవ్వుకు కావలసింది గ్యాసునూనె. పుస్తకాల్లో కిరోసిన్ అని ఉంటుంది, కోస్తావాళ్లు కిరసనాయిలంటారు, మా వైపు గ్యాసునూనె. అంత పొడుగు పేరు రోజుకు పదిసార్లు పలకలేక ఇంట్లో దాన్ని కురచ చేసి గ్యాసు అనేవాళ్లం. గ్యాసు అయిపోయింది, గ్యాసు తేవాలి, దీపంలో గ్యాసు పొయ్యి. నీళ్లలాంటి వస్తువును గ్యాసంటారేందే అని గ్రంథాలయంలో కొత్తగా సైన్సు పుస్తకాలు చదువుతున్న రోజుల్లో వాళ్లను దిద్దబోయాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "పేరు మారిస్తె ఎక్కువ సేపు మండుతదా?" అంది. నేనూ మళ్లీ గ్యాసే అనడం మొదలుపెట్టాను.

చెల్లె పుట్టిన ఏడాది వానాకాలంలో రేషన్ కార్డులు చూసి పోవడానికి ఒకాయన వచ్చాడు. సర్కారు పంపిన తాత్కాలిక మనిషి, చంకలో కాయితాల కట్ట, మనుషులను చూడకుండానే మాట్లాడే అలవాటు. గడప మీద కూర్చుని అమ్మ పెట్టిచ్చిన చాయ్ తాగుతూ, మీ ఇంట్ల గ్యాసున్నదా అని అడిగాడు. సిలిండర్ సంగతి ఆయన అడుగుతున్నాడు. అప్పటికి మా వాడలో సిలిండర్ చూసినవాళ్లే లేరు. అవ్వకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. "ఉన్నది బిడ్డా, లేకేం? పొయ్యి గూడ ఉన్నది. మావోడు రాయచూర్ల కొన్నడు," అంది. ఎన్ని రోజులనుంచని అడిగితే రెండేండ్లయిందని చెప్పింది. ఆయన తల తిప్పి గదిలోకి ఒక్క చూపు చూసి ఉంటే, తను తాగుతున్న చాయ్ ఏ పొయ్యి మీద కాగిందో మూరెడు దూరంలో కనబడేది. తల తిప్పడానికి జీతమివ్వలేదు కాబోలు.

రాసినదాన్ని చదివి చూసుకుని వేలిముద్ర వెయ్యమన్నాడు. చదివింది నేను. పంక్తి మీద వేలు పెట్టి, గ్రంథాలయంలో అలవాటైన గొంతుతో, "గ్యాసు: కలదు" అని పైకి చదివాను. కలదు అనే మాటను ఎక్కడా తొణక్కుండా పలికినందుకు అమ్మ నా వైపు మురిపెంగా చూసింది. నాక్కూడా అందులో తప్పేమీ కనబడలేదు. మా ఇంట్లో గ్యాసు కలదు. డబ్బాలో సగానికి పైగా కలదు. అవ్వ సంతోషంగా వేలు నొక్కింది. సర్కారు మనిషి బుద్ధిలేనితనం గురించి ఇన్నేళ్లుగా నేనెంత మాట్లాడినా, ఆ వేలిముద్ర పడింది నా చదువు మీద నమ్మకంతోనే. అది దాటవేస్తే నేనూ ఆ నలభై పేజీలవాళ్లకు తోబుట్టువునే అవుతాను.

చలి మొదలయ్యేనాటికి మా కార్డు మీద గ్యాసున్న ఇల్లని ముద్ర పడింది. అదే నెలలో అమ్మకు ఎనిమిదో నెల నడుస్తుండగానే నొప్పులొచ్చి దవాఖానలో చెల్లె పుట్టింది. అరచేతి నుంచి మోచేతి దాకా పట్టేంత పిల్ల. అక్కడి నర్సు సువార్తమ్మ ఆ పిల్లను దూదిలో చుట్టి అవ్వ చేతికిచ్చి, ఇక మందు ఒకటే, చలి తగలనీయొద్దు, తల్లి కడుపులో ఎంత వెచ్చగుంటదో గది అంత వెచ్చగుండాలె, ఎండాకాలం దాకా ఆగితే బతుకుతది అని చెప్పింది. మేం బయలుదేరుతుంటే వెనక నుంచి పరుగున వచ్చి తన సొంత స్వెట్టరు కూడా ఇచ్చింది. అలా ఒక ప్రాణం నిలబడటానికీ నూనెకూ సంబంధం కుదిరింది. రోజుకు రెండు పూటల వంటకు సరిపోయే నూనె ఇప్పుడు పగలూ రాత్రీ గది కాచడానికి కావాలి. సిలిండర్ ఉన్న ఇంటికి కంట్రోలు నూనె ఇవ్వరు కాబట్టి కార్డు మీద చుక్క రాదు.

డీలరు దుకాణం ముందు వరుసలో డబ్బాతో నిలబడ్డాను. నా వంతు రాగానే ఆయన కార్డు చూశాడు, వరుసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా, "గ్యాసోళ్లు గూడ వరుసల నిలబడితె పేదోళ్లకు ఏం పొయ్యాలె?" అన్నాడు. అందరూ నవ్వారు. పిల్ల సంగతి చెప్పాను. మా గ్యాసు ఈ గ్యాసేనని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదని నేననుకోను. ఆయన కూడా ఇంట్లో దాన్ని గ్యాసనేవాడే. కాకపోతే మా వంతు నూనె ఇక తన డ్రమ్ములోనే ఉండిపోతుందన్న సంగతి ఆయనకు ఇంకా బాగా అర్థమైంది. ఆ సాయంత్రమే దుకాణం వెనుక ఒక లారీవాడికి డ్రమ్ములు ఎక్కించడం వాడంతా చూసింది. బయట కొనాలంటే కంట్రోలు ధరకు మూడింతలు, అదీ నీళ్లు కలిపినది, వత్తి చిటపటమని ఆరిపోయేది.

తర్వాత కాయితాల తిరుగుడు మొదలైంది. ఆఫీసులో గుమాస్తా సిలిండర్ లేదని గ్యాసు కంపెనీవాళ్లతో రాయించుకుని రమ్మన్నాడు. గ్యాసు దుకాణంలో మనిషి, మా గిరాకి కానోళ్లకు లేదని మేమెట్ల రాసిస్తం, ఉంటే ఉన్నదని రాసిస్తం అన్నాడు. లేని వస్తువు లేదని రుజువు చెయ్యడానికి ముందు దాన్ని కొనుక్కోవాలన్నమాట. అప్పుడు నేను నా విద్యంతా ప్రయోగించి ఒక దరఖాస్తు రాశాను. గ్రంథాలయంలో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, దివ్యసముఖమునకు, విన్నవించుకొను మనవి యేమనగా, కృపాకటాక్ష వీక్షణములు అంటూ రెండు పేజీలు. గుమాస్తా పైన పది పంక్తులు చదివి, "ఎవరు రాసిండ్రమ్మా, అక్షరాలు ముత్యాల లెక్కున్నయి," అన్నాడు. నేనే అన్నాను గర్వంగా. దాన్ని జాగ్రత్తగా మడిచి బరువు కింద పెట్టాడు. వారం తర్వాత పోతే అక్కడే ఉంది, దాని మీద ఆయన చాయ్ గ్లాసు ఉంది.

ఇంట్లో నడుస్తున్న వ్యవహారం వేరు. తలుపుకు అడ్డంగా నాయన గొంగడి వేలాడదీశాం. చాటలో పచ్చి దూది పరిచి, దాని మీద చెల్లెను పడుకోబెట్టి, చుట్టూ మళ్లీ దూది కుక్కేవాళ్లం. మూలన స్టవ్వు, దాని మీద అట్లపెనం బోర్లించి పెనం మీద రెండు ఇటుకలు. వేడెక్కిన ఇటుకను పాత చీరపేలికలో చుట్టి చాట కింద పెట్టేది అవ్వ, చల్లారినదాన్ని తెచ్చి పెనం మీద పెట్టేదాన్ని నేను. పది వత్తుల్లో నాలుగే వెలిగించాలి. అమ్మ మంచం మీది నుంచే వత్తుల కొసలు కత్తెరతో చదును చేసి ఇచ్చేది, ఒక వత్తి ఎక్కువ పైకి లేచి పొగచూరితే నూనె దండగని. గవాక్షాన్ని మాత్రం అవ్వ ఎంత చలిలోనూ మూయనివ్వలేదు, మంటకూ ఊపిరాడాలె గద అనేది. ఇప్పుడు మా చెల్లె అలాంటి గది చూస్తే ఆ ఇంటివాళ్లను చెడామడా తిడుతుంది, స్టవ్వు ముందు పసిపిల్లను పెడతారా అని. తిట్టాల్సిందే. మాకు తెలిసింది అంతే. అన్నంలో గ్యాసునూనె వాసన, తలలో అదే, చీదితే మసి. నేను తిరిగిచ్చిన పుస్తకాన్ని గ్రంథాలయం సారు వాసన చూసి, ఎండలో పెట్టాక గానీ బీరువాలో చేర్చలేదు.

ఇంట్లో ఉన్న నూనె ఎనిమిది రోజులు వచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున పక్కగదిలో మగ్గం నేసే పద్మమ్మ ఒక సీసా తెచ్చి గడప దగ్గర పెట్టింది. అది ఆమె దీపం నూనె. దీపం లేకపోతే పొద్దుగూకాక మగ్గం ఆగిపోతుంది, చీర దిగడం ఆలస్యమవుతుంది, సేటు మాటలు పడాలి. కండ్లు మంటపుడుతున్నయి, ఎట్లయినా రాత్రి నేసుడు బంద్ చేద్దామనుకుంటున్న అని చెప్పింది. అబద్ధమని మాకు తెలుసు, మాకు తెలుసని ఆమెకూ తెలుసు. వెనుక వరుసలో ఉండే మరియమ్మ, కూలికి పోయే మనిషి, తన కార్డు మీద వచ్చినదాంట్లో సగం పోసింది. ప్రార్థనను పార్తన అంటుందని నేను అప్పటిదాకా వెక్కిరించిన మనిషి ఆమె. మూడు రాళ్ల మీద వండుకుంటున్న, నాకెందుకు గ్యాసు అంది. చౌరస్తాలో చాయ్ బండి ఖాసిం భాయ్ రోజూ పొద్దున్నే రెండు సీసాల నిండా మసిలే నీళ్లు పోసి పంపేవాడు, ఆ రెండు గంటలు స్టవ్వుకు విశ్రాంతి.

అవ్వకు ఇలా ఊరికే తీసుకోవడం రుచించలేదు. ఒక పొద్దున స్టవ్వును గంపలో పెట్టి నెత్తికెత్తుకుంది. చెల్లెను అమ్మ ఒంటికి కట్టుకుని గొంగడిలో కూర్చుంటే, అవ్వ వెంట నేను ఆఫీసుకు పోయాను. గుమాస్తా బల్ల మీద, నా దరఖాస్తు పక్కనే, అవ్వ స్టవ్వును దించింది.

"ఇగో సారూ, ఇదే మా గ్యాసు. దీనికి సిలిండర్ యాడ తగిలిస్తరో జర సూపియ్యి."

గుమాస్తా కుర్చీ వెనక్కి జరిపాడు. "ఏయ్ ముసల్దానా, తియ్యి దాన్ని. నూనె కారి ఫైళ్లు ఖరాబైతయి."

"కారనీకి నూనుంటె నీ తాన్కెందుకొస్త?"

ఆఫీసులో ఉన్నవాళ్లంతా నవ్వారు, గుమాస్తా కూడా. నా రెండు పేజీలు కదిలించలేని కలాన్ని ఆ మాట కదిలించింది. అక్కడికక్కడే ముద్ర కొట్టేసి సంతకం పెట్టాడు. అయితే కోటా జాబితా మారేసరికి రెండు నెలలు పడుతుందని చెప్పాడు. రెండు నెలలకు చలి పోతుంది. పిల్ల ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. అంత చేసినా చేతికి ఒక్క చుక్క రాలేదు, స్టవ్వు మళ్లీ నెత్తికెక్కింది.

వాడలో వాళ్లు మాత్రం ఎన్ని రోజులని పొయ్యగలరు? పద్మమ్మకు చీర ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఆ వారమే అవ్వ డీలరు ఇంటి పెరట్లో బియ్యం చెరగడానికి కూలికి పోయింది. డీలరు భార్య వసారాలో కూర్చుని చూస్తూ ఉండేది. పెద్దగా మాట్లాడేది కాదు, మాట్లాడినా వినేవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఆ రోజు అవ్వ చాట పట్టుకునే కునికిపాట్లు పడుతుంటే, రాత్రి నిద్ర లేదా పెద్దమ్మా అని అడిగింది. ఇటుకల సంగతి అవ్వ చెప్పింది, నూనె అడగలేదు. ఆమె లేచి లోపలికి పోయి వాళ్లింటి నూనె డబ్బాతో వచ్చింది. అవ్వ గంపలో ఉన్న మంచినీళ్ల సీసా తీసుకుని, నీళ్లు చెట్టుకు పోసి, నూనె నింపింది. తర్వాత అవ్వ ఆ మాటలు మాకు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది.

"ఆయనకు తెల్వనియ్యకు పెద్దమ్మా. ఎల్లుండి మళ్లొస్తవు గద, ఇంకో సీస తెచ్చుకో."

"తెలిస్తె నిన్నేమన్న అంటడేమో బిడ్డా."

"అంటడు. నా ఇద్దరు పిల్లలు చలికాలంలనే పుట్టిండ్రు. రెండు కాన్పులకు గది కాచింది మా అమ్మనే. ఆయన గప్పుడు గూడ తిట్టిండు, నూనె దండగని."

శివరాత్రి దాటేదాకా వారానికి రెండుసార్లు ఆ సీసా మా ఇంటికి వచ్చింది. బియ్యం లేని రోజు కూడా చెరగడానికి రమ్మని కబురు పంపేదామె. నీళ్లు కలపని నూనె, నాలుగు వత్తులూ నీలంగా, కదలకుండా మండేవి. చెల్లె బుగ్గలు నిండాయి, ఏడుపుకు బలం వచ్చింది. నాయన పని నుంచి వచ్చి చూసుకున్నాడు. అప్పుడు అవ్వ డీలరు ఇంటి పెరటి గుమ్మం దగ్గర నిలబడి, అందరూ డీలరు పెండ్లామనే పిలిచే ఆ మనిషిని పేరు అడిగింది. ఎవరడిగిండ్రు పెద్దమ్మా ఇన్నేండ్లు అని ఆమె నవ్విందట. ఆ తర్వాత చెప్పింది. అవ్వ ఇంటికి వచ్చి ఎవరినీ సంప్రదించకుండా ఆ పేరే చెల్లెకు పెట్టింది. డీలరు కార్డులో కొత్త పేరు ఎక్కిస్తూ, మా ఇంట్ల ఆమె పేరు గూడ ఇదే అని కూడా అనలేదు. ఆయనకు గుర్తు రాలేదని నా అనుమానం.

ఆ పుస్తకంలో ఆమె ఒక ఫొటోలో ఉంది. కింద "ధర్మపత్నితో" అని ఉంది. ఆమె భర్తకంటే ఆరేళ్ల ముందు పోయింది, అప్పుడు ఎవరూ ఏ పుస్తకమూ వెయ్యలేదు. చలికాలంలో, అమ్మమ్మ తిట్లు పడి కాచిన గదిలో పుట్టిన ఆ ఇద్దరు కొడుకులే ఇప్పుడు మా చెల్లె రాసిన కాయితం మీద తల్లి పేరును అచ్చుతప్పనుకుని కొట్టేశారు.

ఇప్పుడు కంట్రోలు దుకాణంలో గ్యాసునూనె లేదు. ఆ మాట పలికితే మా ఇంటి పక్క పిల్లలకు అర్థం కాదు. గ్యాసంటే సిలిండరే, ప్రతి ఇంట్లో ఉంది. పోయిన చలికాలం గట్టు వైపు చుట్టాలింటికి పోతే, సిలిండర్ మీద గుడ్డ కప్పి, దాని మీద దేవుడి పటం పెట్టి, బయట పత్తికట్టె మంట మీద బాలింతకు నీళ్లు కాస్తున్నారు. ధర పెరిగింది, చుట్టాలొస్తేనే వెలిగిస్తం అన్నారు. వాళ్ల వివరాలున్న సర్కారు కాయితం మీద ఏం రాసి ఉంటుందో నాకు చూడకుండానే తెలుసు. అప్పుడు గడప మీద కూర్చుని రాశారు, ఇప్పుడు ఫోనులో గడి నొక్కుతారు. తల తిప్పి లోపలికి చూసే మనిషి అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. సిలిండర్ ఉందా అని అడుగుతారు గానీ, దాని మీద దేవుడి పటం ఎందుకుందో చూడరు.

ఇక కృతజ్ఞతలు. నా పేరు ఇందులో ఉండదు, చదివి వినిపించినదాన్ని కాబట్టి. స్వెట్టరు విప్పి ఇచ్చిన నర్సు సువార్తమ్మకు. చీకట్లో మగ్గం ముందు ఊరికే కూర్చున్న పద్మమ్మకు. మూడు రాళ్ల పొయ్యికి తిరిగిపోయిన మరియమ్మకు, ఆమె మాటను వెక్కిరించినందుకు క్షమాపణతో కలిపి. మసిలే నీళ్లు పంపిన ఖాసిం భాయ్‌కి. పెరట్లో నింపిన సీసాకు మూత లేదని తన కొంగు చింపి బిరడా చుట్టి, మా చెల్లెకు తన పేరు కూడా ఇచ్చిన మాణిక్యమ్మకు. ఆమె ఎన్ని సీసాలు పోసిందో మేం లెక్క పెట్టలేదు, ఆమె కూడా పెట్టలేదు.